అడుగు రంగు

యురేకా ఊరి మీదికి పొగమంచు దిగేసరికి, విక్టోరియా కాలపు ఆ చెక్క ఇంట్లో, పాత కట్టడాల రంగులు పరిశీలించే థియా ఒక్కతే మిగిలింది. ఇంటిని కూల్చాలా, వారసత్వ భవనంగా నిలపాలా అన్నది రేపు ఊరి కమిటీ వచ్చి చూసి తేలుస్తుంది. గోడలకు మొట్టమొదట వేసిన రంగు చూపిస్తే వాళ్ళ మనసు కరుగుతుందని ఆమె ఆశ.

"నువ్వు ఈ ముసలి కొంపనే పెళ్లి చేసుకోవాల్సింది! చలికి చస్తున్నా, వస్తావా రావా?" బయట వ్యాన్‌లోంచి మొగుడు రస్సెల్ అరిచాడు.

"నీకన్నా ఇదే నయం, సణగదు!"

నవ్వుకుంటూ మెట్ల పక్క గోడను బ్లేడుతో గీకింది. తెలుపు, దాని కింద గోధుమ, ఇంకా కింద నీలం, అన్నీ ఎండి పొలుసుల్లా రాలాయి. అట్టడుగున లేత ఆకుపచ్చ బయటపడింది. ఇల్లు కట్టిన నాటి రంగు. థియా దాన్ని ముద్దుగా వేలితో నిమిరింది.

వేలికి రంగు అంటింది. పచ్చిగా ఉంది.

పైన ఖాళీ గదిలో, గోడ మీద కుంచె నడుస్తున్న చప్పుడు. సర్... సర్... ఆమె ఊపిరి బిగబట్టింది. అదీ ఆగింది, ఆమె మాట కోసం చూస్తున్నట్టు.

థియా మెట్ల మీదికి తలెత్తింది.

"ఈ రంగు మొదట వేసింది నువ్వేగా పెద్దాయనా, రేపు పొద్దున కమిటీ వచ్చేలోగా అయిపోతుందా?"

కుంచె మళ్ళీ కదిలింది. ఈసారి గబగబా.