సూపు వడ్డించిన అతిథి

"నమస్కారమండీ. నేను డాక్టర్ జెనొవేవా..."

ఆవిడ మాట పూర్తికాకుండానే తెల్మో గరిటెతో బల్లమీద టకటకలాడించాడు.

"దొరికిపోయారు! ఈ బల్ల దగ్గర బిరుదుల్లేవు, ఉద్యోగాల ఊసు లేదు. అందరం నేస్తాలమే. నోరు జారినవాళ్ళు అందరికీ సూపు వడ్డించాలి!"

సేవా క్లబ్బు గురువారం విందులో అదే కట్టుబాటు. ఆ దేశంలో పట్టా ఉన్న ప్రతి మనిషీ డాక్టరే. వకీలు డాక్టరు, పంతులమ్మ డాక్టరు, మందుల కొట్టు తెల్మో కూడా డాక్టరే. ఆ గోల పడలేక పెట్టుకున్న నియమం.

కొత్తావిడ నవ్వేసి, కోటు విప్పి గరిటె అందుకుంది.

"ఎక్కణ్ణుంచి వస్తున్నారు?" అడిగింది అధ్యక్షురాలు ఇదలీనా.

"పొద్దున మీ పక్కూరు కోవెలోలో ఉన్నానండీ. అక్కణ్ణుంచే బస్సెక్కాను."

ఇదలీనాకి ఒళ్ళు మండింది. కోవెలో క్లబ్బువాళ్ళకి ఇదొక అలవాటు. అక్కడ సమావేశం ఎగ్గొట్టడం, ఇక్కడికొచ్చి భోంచేసి, ఏ ఊరి క్లబ్బులోనైనా చెల్లే హాజరు వేయించుకోవడం.

"కానివ్వండి. అతిథుల వంతు చివర్లో. అప్పుడు మాట్లాడుదురుగాని."

అసలే ఆమె తల వేడెక్కి ఉంది. సార్డీన్ చేపల విందు శనివారమా, ఆదివారమా అన్నది ఇంతసేపైనా తేలలేదు.

"ఆదివారం వద్దు నేస్తం. మా అత్తగారు వస్తుంది" అన్నాడు తెల్మో.

"ఆవిణ్ణీ తీసుకురావయ్యా!"

"తెస్తే చేపలు మీకు మిగలవు!"

అందరూ పగలబడి నవ్వారు. ఇదలీనా గంట కొట్టింది. ఎవరూ వినలేదు. మళ్ళీ కొట్టింది.

పైగా క్లబ్బు నేస్తం బల్తజార్ ఇంకా రాలేదు. ఈ రాత్రి ఆమె ఎదురుచూస్తున్నది అతని కోసమే.

బల్ల చివర ఆమె భర్త అమదేవు కూర్చుని ఉన్నాడు. పోయిన చలికాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి ఒళ్ళో పడిపోయింది. దానితోపాటే మాటా పోయింది. చెప్పింది అర్థమవుతుంది, నోరే పలకదు. పోయిన మాటని సాధన చేయించి తిరిగి తెప్పించేవాళ్ళు జిల్లా ఆసుపత్రిలో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ వారం వారం కొండెక్కి వచ్చేది ఒక్క ఊరికే. ఈ ఊరికైనా రావాలి, కోవెలోకైనా వెళ్ళాలి. నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న బల్తజార్, "గురువారం శుభవార్తతో వస్తా, చూడు" అని వెళ్ళాడు. జాడ లేదు.

"అమదేవూ! సూపు! బాగుందా?" పక్కనున్నాయన చెవిలో అరిచాడు.

"బాగుందంటున్నాడు. అరవకండి, ఆయనకి చెవుడు కాదు" అంది ఇదలీనా, ఇవతలి చివర నుంచి.

వడ్డన ముగించి కొత్తావిడ అమదేవు పక్కన చేరింది. కాసేపు ఊరికే అతని ముఖం చూస్తూ కూర్చుంది. తరవాత అతని ఎడమచేతిమీద వేళ్ళతో మెల్లగా దరువు వేస్తూ కూనిరాగం అందుకుంది.

"పాటలు కూడా చివర్లోనేనండీ!" ఇదలీనా విసుక్కుంది.

"ఒక్క ముక్క చెప్పొచ్చా?"

"చివర్లో!"

ఆవిడ గొంతు తగ్గించిందేగాని ఆపలేదు. అమదేవు పెదాలు అటూ ఇటూ కదులుతున్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

"జోలపాట! అమదేవు నిద్రపోతాడిక!"

ఇదలీనా విసురుగా లేచి వచ్చింది.

"ఏమిటండీ ఇది? ఆయన పసిపిల్లాడా ఆడించడానికి? తిన్నారు, హాజరు వేస్తాం. వచ్చే వారం మీ క్లబ్బులోనే తినండి."

కొత్తావిడ చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

"పసిపిల్లాడు కాడని నాకు తెలుసమ్మా. ఆయన మాట కూడా మీరే చెప్పేస్తున్నారు. కాస్త ఆగితే..."

"మొగుడి గురించి మీ దగ్గర నేర్చుకోవాలా?"

కొత్తావిడ అమదేవు భుజం తట్టి, కోటు వేసుకుని, ఆఖరి బస్సు అందుకోవాలంటూ వెళ్ళిపోయింది.

"హమ్మయ్య! ఇక శనివారం సంగతి..." తెల్మో మొదలెట్టాడు.

ఇదలీనా ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని భర్త గడ్డం తుడవబోయింది. ఆయన తువ్వాలు పక్కకి నెట్టేశాడు. ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, దానిమీద వేలితో తట్టడం మొదలుపెట్టాడు.

"ఇ... ద..."

అందరూ తిరిగి చూశారు.

"ఇ... ద... లీ... నా."

మాట కాదది. పాట. ఇందాకటి ఆ కూనిరాగమే. అయినా ఇన్ని నెలల తరవాత అతని నోట వచ్చిన ఆమె పేరు.



ఇదలీనా గుమ్మంలోకి పరుగెత్తింది. బస్సు వెనక దీపాలు వాలులో మలుపు తిరిగిపోయాయి. ఆ వాలునే రొప్పుతూ ఎక్కి వస్తున్నాడు బల్తజార్.

"తిట్టకు తల్లీ! పాత స్టాపులో కాపు కాశాను. బస్సేమో కొత్త స్టాపులో దింపేసిందట!"

"ఎవర్ని?" అడిగింది ఇదలీనా.

"ఇంకెవర్ని, మాట తెప్పించే ఆసుపత్రి డాక్టరమ్మని! పొద్దున కోవెలో ఊరు చూసి, రాత్రి మన బల్ల దగ్గర అమదేవుతో కూర్చుని తిన్నాకే వారం వారం వచ్చేది ఏ ఊరికో తేలుస్తానంది. ఇంతకీ ఆవిణ్ణి బాగా చూసుకున్నారా?"