గండయ్య తిరగలేని మలుపు

కొండ చుట్టూ జంతువులు పందెం పరుగులు తీసే బాట మీద పరుగు నేర్చుకోవడానికి గండయ్య అనే అడవిపంది వచ్చాడు.

"మలుపు రాకముందే వేగం తగ్గించాలి నాయనా," అంది పాఠం చెప్పే పంతులమ్మ దుప్పి.

గండయ్య తలూపాడు గానీ, ఒక కుందేలు తన పక్కనుంచి దూసుకెళ్లేసరికి రోషం వచ్చి ఉరికాడు. బాట తిరిగింది, గండయ్య తిరగలేకపోయాడు. తిన్నగా వెళ్లి తుమ్మపొదలో పడ్డాడు. పొదకు అవతలే లోయ!

దుప్పి పరుగున వచ్చి ముళ్లు తీస్తూ, "కుందేలు ఎంత దూరం పోయిందో చూశావా?" అని అడిగింది.

"లేదు పంతులమ్మా, లోయ ఎంత లోతుందో చూశాను."

"అయితే సగం చదువు వచ్చేసినట్టే. లే!"

రెండో చుట్టులో మలుపుకి చాలా ముందే గండయ్య నెమ్మదించాడు. వెనకనుంచి ఎలుక, "తప్పుకోవయ్యా!" అని అరిచింది.

గండయ్య పక్కకు జరిగి, "వెళ్లు తల్లీ! నాకు ఇంటికెళ్లి దుంపలు తినాలనుంది," అన్నాడు.