దిద్దొద్దన్న తప్పు

"ఆ తప్పు దిద్దడానికి వీల్లేదు సార్," అందామె.

ఎడిటర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త రచయితల రాతప్రతులు చూసీ చూసీ జుట్టు నెరిసిన మనిషి. పేజీలు కొట్టేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చూశాడు, తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయినవాళ్ళని చూశాడు. తప్పును తప్పుగానే ఉంచమని పట్టుబట్టిన మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

ఆమె పని కారు నడపడం నేర్పడం. రాసింది ఒకే ఒక్క నవల, అక్కాచెల్లెళ్ళ కథ.

"చూడండమ్మా, మూడో అధ్యాయంలో అక్క రెయిన్‌కోటు పసుపు. తొమ్మిదికి వచ్చేసరికి అదే కోటు నీలం. చదివేవాళ్ళు మిమ్మల్నేమీ అనరు. ఎడిటర్ నిద్రపోయాడా అంటారు."

"అననివ్వండి సార్."

"అననివ్వడమేంటి? పోయేది నా పేరు!"

"పోనీ, మీ పేరు వెయ్యకండి."

నవ్వాలో కోప్పడాలో తెలియక ఎడిటర్ మాట మార్చాడు. "సరే, అమ్మకాల సంగతి చూద్దాం. పుస్తకం రాయడం సగం పనే. అలాంటిదొకటుందని నలుగురికీ తెలిసేలా చెయ్యడం మిగతా సగం. వెనక అట్ట మీద మీ ఫొటో వేద్దాం. చిన్న సభ పెడదాం. కారు పక్కన నిలబడి ఓ వీడియో చేసి, మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ పంపండి."

"ఫొటో వద్దు సార్. అక్కడ నా ఫోన్ నెంబరు వెయ్యండి. పెద్ద అక్షరాల్లో. కింద 'తప్పులుంటే చెప్పండి' అని."

"మన తప్పులకి మనమే చాటింపు వేసుకుంటామా?"

ఆమె చేతిలోని తాళాల గుత్తిని అటూ ఇటూ తిప్పింది.

"మా అక్క తప్పు చూస్తే ఊరుకోలేదు సార్. పొట్లం కట్టిన కాగితంలో అక్షరం పోయినా పెన్ను తీసి దిద్దేది. నా సెలవు చీటీలు కూడా దిద్దేది. ఆ కోటు పసుపు. వానొస్తే ఇద్దరం ఆ ఒక్క కోటులోనే దూరి బడికి వెళ్ళేవాళ్ళం. దాన్ని నీలం అన్నానంటే ఒళ్ళు మండిపోతుంది. తిట్టడానికైనా ఫోన్ చేస్తుంది."

"మీరే చెయ్యొచ్చుగా?"

"చేశాను. నా గొంతు వినగానే పెట్టేసేది. తర్వాత నెంబరు మార్చేసింది. ఇల్లూ మారిపోయింది."

"అంత పెద్ద గొడవా?"

"చిన్నదే సార్. మాట్లాడుకోకపోయేసరికి పెద్దదైపోయింది."

"ఆవిడ ఈ పుస్తకం చదువుతుందని ఏమిటమ్మా నమ్మకం?"

"నమ్మకమేం లేదు. ఏ ఊళ్ళో ఉందో కూడా తెలీదు. అందుకే అన్ని ఊళ్ళకీ పంపండి."

ఎడిటర్ కళ్ళజోడు పెట్టుకుని, నీలం రెయిన్‌కోటు పక్కన పెన్సిల్‌తో 'ఇది దిద్దవద్దు' అని రాశాడు. "ఈ ఒక్కటే. రెండో తప్పు దొరికిందంటే ఊరుకోను," అన్నాడు.

రాతప్రతి కంపోజింగుకి వెళ్ళింది. ఆమె మళ్ళీ పాఠాల్లో పడింది. పుస్తకం ఇంకా అచ్చే కాలేదని తనకు తెలుసు. అయినా ఫోన్‌లో కొత్త నెంబరు వెలిగితే చాలు, తన కాళ్ళ దగ్గరున్న బ్రేకు తొక్కేసేది. పక్కన నేర్చుకుంటున్నవాళ్ళు తామేం పొరపాటు చేశామోనని హడలిపోయేవారు. ఫోన్ చేసింది ఏ బ్యాంకువాళ్ళో అయ్యేవారు. వాన పడితే పాఠం తొందరగా ముగించి, ఆగిన కారులో ఒక్కతే కూర్చునేది. కోటు లోపలి వెచ్చదనం, పక్కలో గుచ్చుకునే అక్క మోచెయ్యి, "అడుగు కలపవే మొద్దూ" అన్న కసురు. అద్దం మీద నీళ్ళు జారుతుంటే తుడవబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు ఎడిటర్ ఫోన్ చేశాడు. "ప్రూఫులొచ్చాయి. ఓసారి రండి."

వెళ్ళేసరికి ఆయన ముందు కాగితాల కట్ట విప్పి ఉంది.

"ప్రూఫ్‌రీడరు కొత్త. మనిషిని నేనూ చూడలేదు, కట్ట కొరియర్లో వెళ్ళి కొరియర్లో వస్తుంది. అక్షరాలు దిద్దండి, కథ ముట్టుకోకండి అని ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఈసారి ముట్టుకున్నారు."

"రెయిన్‌కోటా సార్?"

"కాదు. దాన్ని అలాగే వదిలేశారు. చివరి వాక్యం కొట్టేశారు."

ఆమె ముఖం ఎర్రబడింది. 'నేను ఇల్లు వదిలిన రోజు అక్క గుమ్మం దాకా కూడా రాలేదు.' నవల మొత్తంలో రాయడానికి చెయ్యి రానిది ఆ ఒక్క వాక్యమే. "అందులో తప్పేముంది సార్? జరిగిందే రాశాను. ఆ దిద్దుబాటు మీరు తీసెయ్యొచ్చుగా?"

"తీసేద్దామనే పెన్ను పట్టుకున్నాను. చేతకాలేదు. మీరే చూడండి."

ఎందుకో ఆయన గొంతులో ఈసారి కోపం లేదు. చివరి పేజీ ఆమె ముందుకు జరిపి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. తన వాక్యం మీద అడ్డంగా ఎర్రగీత. పక్కన మార్జిన్‌లో ఎర్రసిరాతో నాలుగు ముక్కలు:

"తప్పు. బస్టాండు దాకా వచ్చాను. నువ్వే వెనక్కి తిరిగి చూడలేదు."