కాలువ జిగురు

“అక్కడే ఆగు. ఆ కంపుతో గుమ్మం దాటావంటే ఊరుకోను,” అంది అత్తగారు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

కోడలు ఆగింది. మోచేతుల దాకా చేపల బజారు కాలువ బురద. జుట్టులో ఒక పొలుసు ఇరుక్కుని ఉంది.

“చెప్పులు బయటే వదిలెయ్. ఆ బట్టలు బకెట్లో పడెయ్. నేరుగా స్నానానికి పో. గోడలు ముట్టుకోకు.”

“నాకూ అసహ్యంగానే ఉంది అత్తయ్యా. వాంతి ఆపుకోలేక మధ్యలోనే బస్సు దిగిపోయాను.”

“ఇంత చదువూ చదివి కుళ్ళు కాలువల్లో చేతులు పెట్టడమేంటమ్మా? వేరే ఉద్యోగమే దొరకలేదా?”

అత్తగారు శుభ్రానికి పెట్టింది పేరు. ఎంగిలి అన్న మాట వింటేనే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. ఎదుటివాళ్ళు నములుతుంటే చూడలేనని, అందరూ తిని లేచాక ఒక్కతే కూర్చుని తింటుంది. సింకులో వేలు పెట్టి రాస్తే కిర్రుమనాలి. ఆవిడ గదిలోకి ఎవరికీ ప్రవేశం లేదు. కన్నకొడుకు కాళ్ళు కడుక్కుని వచ్చినా తలుపు దగ్గరే మాట్లాడి పంపించేస్తుంది.

కోడలు పనిచేసే ల్యాబులో ఒక పాడు అలవాటుంది. ఎక్కడ పాచి, బూజు, జిగురు కనిపించినా కాస్త గోకి సీసాలో వేసుకు రావాలి. అందులో బతికే సూక్ష్మజీవులు కొత్త మందేదైనా తయారు చేస్తున్నాయేమో చూస్తారు. కిందటి నెల ఆమె చేపల కాలువ రాళ్ళ మీది తెల్లటి జిగురు తెచ్చి, తెల్లారేదాకా ఉండాలని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది. అది చూసి అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

తీరా చూస్తే ఆ సీసాలో దొరికింది మామూలు జీవి కాదు.

“దాని ఒంట్లో ఎంజైములు వరసగా పనిచేస్తాయి,” అని భోజనాల దగ్గర భర్తకి చెప్పింది కోడలు. “ఒకటి ముక్క అందిస్తే, ఇంకోటి దానికి మరో ముక్క అతికిస్తుంది. తర్వాతది వంచుతుంది. ఆఖరిది రెండు కొసలూ కలిపి ముడేస్తుంది. అలాంటి ముడి ఇదివరకు మేమెవరం చూడలేదు. ఏ మందుకీ లొంగని పుండ్లలో క్రిములు కూడా దానికి చచ్చాయి.”

“మరింకేం? ఎందుకా ఏడుపు మొహం?”

“ల్యాబులో కూర్చోబెట్టి మేపేసరికి ఆ పని మానేసింది. ముడేసే ఎంజైము ఇప్పుడు దాని దగ్గర లేదు. మేం దాచిపెట్టుకున్నవీ అంతే.”

“ఇల్లరికపు అల్లుడిలా అన్నమాట.”

ఆమెకి నవ్వు రాలేదు. “మళ్ళీ అదే జిగురు తేవాలి. శుక్రవారం సాయంత్రంలోగా తేలేకపోతే ఆ పని ఆపేస్తానన్నారు పెద్దసారు. నన్ను తీసుకున్నదే ఆ పనికి. విచిత్రం ఏంటంటే, అది మనిషి ఒంటి వేడిలోనే బాగా పెరుగుతుంది. ఐసు కరిగి పారే కాలువలో ఎలా బతికిందో తెలీడం లేదు.”

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. “అన్నం ముందు పుండ్లూ క్రిములూ ఏంటి?” అని అత్తగారి గొంతు వినిపించింది. “లేచి నోళ్ళు శుభ్రంగా పుక్కిలించండి. నన్ను చూసి నేర్చుకోండి. ఈ వయసులో కూడా ఒక్క పన్ను కదల్లేదు.”

కోడలు రోజూ కాలువకి పోయింది. చేప పేగులు తేలే నీళ్ళలో రాయి రాయీ గోకింది. తెచ్చినవేవీ అది కాదు. చేతుల నిండా దద్దుర్లు లేచి, చీము పట్టాయి. గురువారం సాయంత్రం ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. ఆఖరి సీసా కూడా దండగే.

“రేపు పొద్దున్నే మ్యాన్‌హోల్ మూత తీయించి కాలువ కింది గొట్టంలోకి దిగుతాను,” అంది.

“పిచ్చా నీకు? లోపల గాలాడక మనుషులు చచ్చిపోతున్నారు,” అన్నాడు భర్త.

“దిగకపోతే ఉద్యోగం పోతుంది.”

అతను ఎంత చెప్పినా ఆమె వినలేదు. విసుగొచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి అత్తగారు మందు పట్టుకుని వచ్చింది. కోడలి చేతులు ఒళ్ళో పెట్టుకుని, చీము తుడిచి, మందు రాసింది. అసలు మొహం చిట్లించనే లేదు. కోడలికి ఏడుపొచ్చింది. అత్తగారు లేచి తన గదిలోకి వెళ్ళి, మూత పెట్టిన చిన్న స్టీలు గిన్నె తెచ్చింది. వస్తూనే తలుపు గడియ పెట్టింది.

“నువ్వు ఎక్కడికీ దిగక్కర్లేదు. ఆ రోజు నీ సీసాలోది నేనే మరుగుదొడ్లో పారబోశాను. పెరుగు పక్కన దాన్ని చూసి తట్టుకోలేకపోయాను. తీరా కడిగేశాక భయమేసింది. నీ ఉద్యోగానికి ముప్పు రాకూడదని, అలాంటి తెల్ల జిగురే వేసి పెట్టాను.”

“మనింట్లో జిగురా? ఎక్కడిది అత్తయ్యా?”

ఆవిడ గిన్నె చేతిలో పెట్టింది. కోడలు మూత తీసింది. అడుగున, అంచుల వెంట తెల్లటి జిగురు మందంగా పేరుకుని ఉంది. కంపుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ల్యాబులో ఆ జీవి మొదటి రోజుల్లో కొట్టిన కంపు అదే.

“దీన్నెప్పుడూ కడగరా?”

“చూస్తేనే నాకు డోకొస్తుంది. కళ్ళు మూసుకుని నీళ్ళు మార్చేస్తాను.”

“ఇందులో ఏం ఉంచుతారు? సారు అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా.”

“మీ ఆయనకి తెలియకూడదు.”

“చెప్పను.”

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల దించుకుంది.

“పడుకునే ముందు నా పళ్ళు తీసి అందులో వేస్తాను.”