దాచిన వక్కాకు సంచి

షుగర్ వచ్చిందని మా అన్న ఐలయ్య అమ్మను మంచం దిగనివ్వడు. అది సేవట! కాళ్లు సచ్చుబడి, ఆమె లేవాలంటే మనిషి ఆసరా కావలసి వచ్చింది. నడిపించమన్న డాక్టర్ మాట వాడి చెవికెక్కలేదు.

మజాకుకు ఊరందరి చెప్పులు దాచే నేను, అన్న ఇంట్లో లేనప్పుడు రోజూ అమ్మ వక్కాకు సంచి దాచడం మొదలుపెట్టాను. అమ్మ తిట్టుకుంటూ, మొదట నా భుజం, తర్వాత గోడ పట్టుకుని వెతుక్కునేది.

ఇవాళ నేను దాస్తుంటే అన్న చూశాడు. "షుగర్ మనిషితోని మజాకులారా?" అని నా చెంప పగలగొట్టి, సంచి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "నువ్వు కదలకే అమ్మా, నేనున్న గద!"

అమ్మ సంచిని వాకిట్లోకి విసిరికొట్టింది. "శామీర్‌పేట అంగడికి చేపల గంప మోసిన కాళ్లురా ఇవి. కూసోబెట్టి సంపుతవా?"

చెయ్యి ఆనించకుండా లేచి, వచ్చి నా చెవి మెలిపెట్టింది.

"నువ్వేంది బద్మాష్, రోజూ గా నీళ్ల గోలెం ఎనకనే పెడతవు? రేపు జర దూరం దాచు."