నాన్న కోసం తీసుకున్న సెలవు

“ఇది ఇక్కడ ఉండకూడదు,” అంటూ ఒడీలియా రాష్ట్ర పన్ను కాగితం మీద ఒక అంకెను ఎర్రపెన్నుతో కొట్టేసింది.

ఎఫ్రాయిన్‌కి ఒళ్ళు మండింది. ఫ్రెస్నో లైబ్రరీలో పన్ను కాగితాలు ఉచితంగా సరిచూసే బల్ల అది. రెండు గంటలు వరుసలో నిలబడితే దొరికింది ఈ ముసలమ్మ.

“సెలవు డబ్బులిచ్చింది రాష్ట్రం. కాగితం పంపింది రాష్ట్రం. రాష్ట్రానికే చూపించొద్దంటావా? రేపు నోటీసొస్తే నువ్వు కడతావా?”

“కేంద్రానికి కట్టే ఫెడరల్ పన్నులో చూపించాలి. కాలిఫోర్నియా దీనిమీద పన్ను వెయ్యదు. సెలవు నీ జబ్బుకా, ఇంట్లోవాళ్ళ కోసమా?”

“నీకెందుకు?”

“నీ జబ్బుకైతే లెక్క వేరు బాబూ.”

“మా నాన్నకి బాలేక. ఎనిమిది వారాలు మంచం పక్కనే ఉన్నా. అయినా పోయాడు. రీఫండొస్తే సమాధికి రాయి వేయించాలి. చాలా, ఇంకేమైనా చెప్పాలా?”

ఆమె కాగితం మీద అతని ఇంటిపేరు మళ్ళీ చూసింది.

“కింటానా... పీచ్ పళ్ళ షెడ్డులో సూపర్‌వైజర్ రొగేలియో మీ నాన్నా?”

“అయితే?”

“చివర్లో బాధపడ్డాడా?”

“ఆరాలు మాని పని చూడు.”

“నువ్వు పక్కనున్నావు. అది చాలు,” అని ఆమె తల వంచుకుని మిగతా కాగితాలు సరిచేసింది.

ఎఫ్రాయిన్ పోతూ పోతూ ఫిర్యాదు రాసి ఇచ్చాడు. పని రాదు, పైగా ఇంటి గుట్లు అడుగుతోంది అని రాసి కింద సంతకం గీకాడు.

నెల తిరక్కుండా రీఫండు వచ్చింది. ఆమె చెప్పిందే నిజం. నోటీసు రాలేదు, సమాధికి రాయి లేచింది.

సిగ్గు తిన్నంగా ఉండనివ్వక, తీపి రొట్టెల పొట్లం పట్టుకుని లైబ్రరీకి వెళ్ళాడు. కుర్చీలో వేరే మనిషి ఉంది.

“ఒడీలియా గారు?”

“ఎవరో ఫిర్యాదు చేశారట, రావద్దన్నారు. ఇరవై ఏళ్ళు కూర్చున్న కుర్చీ. మొన్న మంగళవారం చనిపోయింది పాపం. డ్రాయర్లో ఇది మిగిలింది. తీసుకెళ్ళడానికి ఆవిడకి ఎవరూ లేరు.”

అది పటం కట్టిన పాత పత్రిక ముక్క. ఇంటివాళ్ళ కోసం జీతంతో సెలవు ఇచ్చే చట్టం కావాలని శాసనసభ ముందు నిలబడ్డ ఆడవాళ్ళు. ముందు వరుసలో వయసులో ఉన్న ఒడీలియా. కింద రెండు ముక్కలు రాశారు: ‘చావుబతుకుల్లో ఉన్న కూతురి దగ్గర నాలుగు రోజులు కూర్చున్నందుకు ఉద్యోగం పోయిన తల్లి.’

పక్కనే, అదే పటంలో, పీచ్ పళ్ళ షెడ్డు ఆమెను ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తరం ఉంది.

దాని అడుగున, చిన్నప్పుడు తన ప్రోగ్రెస్ కార్డుల మీద ఏటా చూసిన సంతకం ఉంది.