వెనక నడిచే మనిషి

ప్రభాకరరావు వెనక్కి తిరిగి చూశాడు. ఆ మనిషి ఇవాళ కూడా వస్తున్నాడు.

సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతిలో గొడుగు. వానా లేదు, ఎండా లేదు, తెల్లవారుజామున గొడుగెందుకో!

తను ఆగితే ఆగుతున్నాడు. నడిస్తే నడుస్తున్నాడు.

'వీడు కచ్చితంగా వెంకటరమణ మనిషే' అనుకున్నాడు ప్రభాకరరావు.

అనుకోడూ మరి! మామిడి పూత మీదున్న రోజులు. నూజివీడులో ఒక వ్యాపారి ఏ తోట ముందు నిలబడి పూత చూశాడో తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా వెంకటరమణలాంటి పోటీ వ్యాపారి వెళ్ళి ఆ తోటను గుత్తకు మాట్లాడేసుకుంటాడు. మైలవరం రోడ్డులో ఒక రసాల తోట మీద ప్రభాకరరావు కన్నుంది. ఆ సంగతి భార్య ఉమకు కూడా చెప్పలేదు.

నిజానికి ఆయన నడకకు బయల్దేరింది తోట కోసం కాదు, పొట్ట కోసం.

"షుగరు ఇలాగే ఉంటే రేపు కాళ్ళ మీదికొస్తుందండీ. బరువు తగ్గండి. నడవండి. నూనెలో వేగింది ముట్టుకోకండి" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

కూతురు పూజిత నడకకని నల్ల టీషర్టు కొనిచ్చింది. ఆయన వేసుకుంటేగా! మామిడి వ్యాపారి అన్నవాడు ఎక్కడికెళ్ళినా తెల్లచొక్కాలోనే వెళ్ళాలని ఆయన పంతం.

మొదట్లో ఆ నడక పోతురాజు టిఫిన్ బండి దాకానే సాగేది. రెండు పూరీలు, బొంబాయి చట్నీ, అక్కణ్ణించి ఇంటికి ఆటో.

ఈ గొడుగు మనిషి వెంటపడ్డాకే కథ మారింది.

బండి దగ్గర ఆగితే వాడూ ఆగుతున్నాడు. వాడు అలా చూస్తుంటే పూరీ గొంతు దిగదే! దాంతో ఆగకుండా నడిచాడు. తోటల వైపు తలెత్తకుండా నడిచాడు. చెమటలు కక్కుతూ, ఆటో ఎక్కకుండా మళ్ళీ ఇంటిదాకా నడిచాడు.

ప్యాంట్లు వదులయ్యాయి.

"ఏంటండీ, నిజంగానే తగ్గారే! షుగరూ దిగింది. ఇన్నాళ్ళకి నా మాట విన్నారు" అని ఉమ మురిసిపోయింది.

'నీ మాటా, నా బొందా!' అని లోపల గొణుక్కుని, పైకి మాత్రం మీసం దువ్వుకున్నాడు.

ఒక పొద్దున, వీడి సంగతేంటో తేల్చేద్దామని, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ చాటుకు తప్పుకున్నాడు.

గొడుగు మనిషి నడిరోడ్డు మీద ఆగిపోయాడు. ఇటు తిరిగాడు. అటు తిరిగాడు. వెతుకుతున్నాడు.

ఇంకేం సాక్ష్యం కావాలి! ప్రభాకరరావు ఒక్క ఊపున బయటికొచ్చాడు.

"ఏవయ్యా! ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ. నడకకొచ్చానండీ."

"ఎండుపుల్లలా ఉన్నావు, నీకు నడకేంటి? నీకు తగ్గడానికేముంది?"

"డాక్టరుగారు నడవమన్నారండీ."

"నా వెనకే నడవమన్నారా?"

"మీరు ఒకే తీరుగా నడుస్తారండీ. అందుకని..."

ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. మొహం ఎటో పెట్టాడే గాని కళ్ళలోకి చూడలేదు. దొంగ కళ్ళలోకి ఎలా చూస్తాడు!

"కబుర్లు చెప్పకు. ఇంకోసారి నా వెనక కనిపించావో, కాళ్ళు విరగ్గొడతాను!"

"అలాగేనండీ" అన్నాడు ఆ మనిషి. గొడుగు నేలకానించి అక్కడే నిలబడిపోయాడు.

ప్రభాకరరావు దారిన పోయే ఆటో ఎక్కి వచ్చేశాడు.

మర్నాటి నుంచి వెనకాల ఎవరూ లేరు. తోట గుత్తకు దొరికింది. వెంకటరమణ ఆ తోట ఊసే ఎత్తలేదు. 'చూశావా, వేగులవాణ్ణి తరిమితే ఎలా ఉంటుందో!' అని ప్రభాకరరావు విర్రవీగాడు. ఆ సంబరంలో రెండు పూరీలు నాలుగయ్యాయి.

రసాలు మాగే వేళకు పొట్ట మళ్ళీ మొదటికొచ్చింది. షుగరు చెట్టెక్కి కూర్చుంది.

డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చుని తలెత్తితే, ఎదురుగా చక్రాల కుర్చీలో ఆ మనిషే!

కుడికాలు మోకాలి కింద లేదు. ఒళ్ళో అదే గొడుగు. పక్కన భార్య.

 అయినా ప్రభాకరరావుకు అనుమానం చావలేదు. ఎవరి తోట గోడ దూకాడో! లేచి ఆవిడ దగ్గరకు వెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమైందమ్మా?"

"రోడ్డు పక్క గుంతలో పడ్డారండీ. షుగరు ఒళ్ళు కదా, పుండు మానలేదు. కాలు తీసేశారు."

"చూసుకుని నడవొద్దా?"

"చూపెక్కడిదండీ? అదీ షుగరే తినేసింది. తెలుపూ నలుపూ తెలుస్తాయంతే. చింతలపూడి నుంచి కూతురింటికి కొత్తగా వచ్చాం. నేను తోడొస్తానంటే, నాకు తోడు దొరికింది లేవే అనేవారు. ఎవరో మహానుభావుడు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని ముందు నడిచేవారట. ఆ తెలుపు పట్టుకుని వెళ్ళి, ఆ తెలుపు పట్టుకునే తిరిగొచ్చేవారు. ఆ రోజు ఆయన మధ్యలోనే వెళ్ళిపోయారట. ఈయన ఒక్కరే వస్తూ పడిపోయారు. పైగా, పాపం ఆయనకే ఒంట్లో బాగోలేదేమోనని ఇప్పటికీ ఈయనకి బెంగ."

తను తిట్టిన సంగతి ఆ మనిషి ఇంట్లో చెప్పనేలేదు. ప్రభాకరరావు ఆ లేని కాలి వైపు చూశాడు. కాళ్ళు విరగ్గొడతానన్నది తనే.

కుర్చీలోని మనిషి మొహం మెల్లగా ఇటు తిప్పాడు.

"అహల్యా, ఎదురుగా ఏదో తెల్లగా ఆనుతోంది. ఆయనే అయితే, ఒళ్ళు కులాసాగా ఉందా అని అడుగు."